ఓడిన జట్టును నిలబెట్టే విద్య

1969లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ స్టీలర్స్ సీజన్‌లో తొలి మ్యాచ్ గెలిచి, మిగిలిన పదమూడూ వరసపెట్టి ఓడిపోయారు. జట్టు పుట్టి అప్పటికి ముప్ఫై ఆరేళ్లు. అన్నేళ్లలో ప్లేఆఫ్ మ్యాచ్ ఒక్కటి కూడా గెలవలేదు. అదే జట్టు 1975 జనవరి నుంచి 1980 జనవరి దాకా లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను నాలుగుసార్లు గెలుచుకుంది. నాలుగో ట్రోఫీ ఎత్తిన జట్టులో అంతకుముందు ఆ లీగ్‌లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, వేరే జట్టుకు ఆడినవాడు ఒక్కడూ లేడు. అందరూ స్టీలర్స్ తెచ్చుకుని, స్టీలర్స్ పెంచుకున్న కుర్రాళ్లే.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అట్టడుగున పడ్డ ప్రతి జట్టూ నేటికీ ఈ కథనే ముందు పెట్టుకుంటుంది. కొందరు దాన్ని చదివి బాగుపడ్డారు. ఎక్కువమంది మధ్యలోనే ఓపిక నశించి చేతులు కాల్చుకున్నారు. జట్టు కట్టడం కొనుగోలు వ్యవహారం కాదు, పెంపకం. ఈ మాట ఒప్పుకోవడం తేలికే. ఓటముల మధ్య ఐదేళ్లపాటు దానికి కట్టుబడి ఉండటమే కష్టం.

వేలం కాదు, వంతు

మన ఐపీఎల్ వేలంలో ఎక్కువకు పాడినవాడిదే ఆటగాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్త ఆటగాళ్లకు వేలం లేదు, డ్రాఫ్ట్ ఉంది. కాలేజీల్లో ఆడి బయటికి వచ్చే కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. మొదటి వంతు నిరుడు అందరికంటే అధ్వానంగా ఆడిన జట్టుది. ఆఖరి వంతు ఛాంపియన్‌ది. ఆ వంతునే పిక్ అంటారు. ఇప్పుడు 32 జట్లు ఏడు రౌండ్లలో ఇలా ఎంచుకుంటాయి.

ఈ ఆలోచన ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బెర్ట్ బెల్‌ది. 1935లో ఆయన ప్రతిపాదించగా 1936లో తొలి డ్రాఫ్ట్ జరిగింది. డబ్బూ పేరూ ఉన్న రెండు మూడు జట్లే మంచివాళ్లందరినీ ఎత్తుకుపోతే మిగతా జట్లు మూతపడతాయనీ, అప్పుడు లీగే మిగలదనీ ఆయన వాదన. ఓడినవాడికి ముందు వంతు ఇవ్వడం జాలితో చేసిన పని కాదు. పోటీ బతకాలంటే తప్పని ఏర్పాటు.

దీనికి 1994లో జీతాల పరిమితి తోడైంది. 2024 సీజన్‌కు ఒక్కో జట్టు పరిమితి 25 కోట్ల 54 లక్షల డాలర్లు. 53 మంది జట్టు ఆ లెక్కలోనే ఇమడాలి. బంతి విసిరి ఆట నడిపే పేరున్న క్వార్టర్‌బ్యాక్ ఒక్కడికే అందులో పెద్ద ముక్క పోతుంది. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడికి మాత్రం తొలి నాలుగేళ్ల జీతం అతని వంతును బట్టి ముందే ఖరారై ఉంటుంది. అతను లీగ్‌లోకెల్లా మేటిగా ఆడినా ఆ నాలుగేళ్లూ జట్టుకు చవకే. మిగిలిన డబ్బుతో వేరే చోట ఉన్న లోటు పూడ్చుకోవచ్చు. పునర్నిర్మాణానికి అసలు పెట్టుబడి ఇదే.

పిక్‌లు తెగనమ్మిన రోజులు

1969కి ముందు స్టీలర్స్ ఈ పెట్టుబడిని చేజేతులా పోగొట్టుకున్నారు. 1955లో తొమ్మిదో రౌండులో తీసుకున్న జానీ యునైటస్‌ను సీజన్ మొదలుకాక ముందే ఇంటికి పంపేశారు. అతను బాల్టిమోర్‌కు వెళ్లి ఆ తరంలోనే గొప్ప క్వార్టర్‌బ్యాక్ అనిపించుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన కోచ్ బడ్డీ పార్కర్‌కు కుర్రాళ్ల మీద నమ్మకం తక్కువ. పిక్‌లు ఇచ్చేసి అనుభవమున్నవాళ్లను తెచ్చుకునేవాడు. 1963 డ్రాఫ్ట్‌లో స్టీలర్స్‌కు మొదటి ఏడు రౌండ్లలో ఒక్క పిక్ కూడా మిగల్లేదు. 1965లో వాళ్లు వదులుకున్న మొదటి రౌండు పిక్‌తో షికాగో బేర్స్ డిక్ బట్కస్‌ను తీసుకున్నారు. ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో అగ్రశ్రేణి లైన్‌బ్యాకర్లలో అతనొకడు.

వయసు మళ్లిన పేరున్న ఆటగాడు ఈ ఏడాది రెండు మ్యాచ్‌లు ఎక్కువ గెలిపించగలడు. కానీ ఆ రెండు గెలుపుల వల్ల జట్టు వంతు వెనక్కి పోతుంది, జీతాల లెక్క బిగుసుకుంటుంది, రెండేళ్లకు అతను రిటైరవుతాడు. అప్పుడు ఆటగాడూ ఉండడు, పిక్కూ ఉండదు.

ముందు కోచ్, తర్వాత కండ

1969 జనవరిలో చక్ నోల్‌ను కోచ్‌గా తీసుకున్నారు. ఆయనకు అప్పుడు 37 ఏళ్లు. మీరు ఓడిపోవడానికి కారణం మీలో చాలామందికి తగిన సత్తా లేకపోవడమేనని తొలి సమావేశంలోనే ఆయన మొహం మీద చెప్పేశారని ఆనాటి ఆటగాడు ఆండీ రసెల్ చెప్పేవారు. కటువైన మాటే. కానీ పునర్నిర్మాణం మొదలయ్యేది అక్కడే. నిరుడు అదృష్టం బాగాలేదు, గాయాలయ్యాయి, రెఫరీలు అన్యాయం చేశారు అనుకున్నంతకాలం జట్టు మారదు.

నోల్ పదవిలోకి వచ్చిన మర్నాడే డ్రాఫ్ట్. మొదటి పిక్ నార్త్ టెక్సస్ స్టేట్ నుంచి జో గ్రీన్. అతనెవరని పిట్స్‌బర్గ్ పత్రికలు అడిగాయి. అభిమానులు క్వార్టర్‌బ్యాక్ వస్తాడని చూస్తుంటే, ఎదుటివాడిని తోసుకుంటూ లోపలికి చొరబడే డిఫెన్స్ ఆటగాడు వచ్చాడు. చూసేవాళ్ల కళ్లు బంతి విసిరేవాడి మీదా పరిగెత్తేవాడి మీదా ఉంటాయి. కానీ ప్రతి ఆటా మొదలయ్యేది రెండు వరసలు ఎదురెదురుగా ఢీకొన్న క్షణంలో. ఆ వరసలో బలం లేకపోతే క్వార్టర్‌బ్యాక్‌కు బంతి విసిరే వ్యవధే దొరకదు. అందుకే జట్టు కట్టడం తెలిసినవాళ్లు ముందు ఆ వరసలను బాగు చేసుకుంటారు. 52 ఏళ్ల తర్వాత డెట్రాయిట్ లయన్స్ పునర్నిర్మాణంలో తొలి పిక్ పెనై సూవెల్ కూడా ఆ వరసలోనివాడే.

ఎవరూ వెళ్లని దారి

మంచి వంతు దొరికితే సరిపోదు, చూసే కన్ను కావాలి. ఆ కన్ను స్టీలర్స్‌కు ఒక పత్రికాఫీసు నుంచి వచ్చింది. బిల్ నన్ నల్లజాతివారి పత్రిక ‘పిట్స్‌బర్గ్ కొరియర్’లో క్రీడా సంపాదకుడు. దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి కాలేజీల మేటి ఆటగాళ్లతో ఏటా ఒక జట్టు ప్రకటించేవారు. తన ఊరి జట్టు ఆ కాలేజీలవైపు తొంగి చూడటం లేదని ఆయనకు అసంతృప్తి. అది తెలిసిన స్టీలర్స్ యజమాని కొడుకు డాన్ రూనీ ఆయనను పిలిచి మాట్లాడి, కుర్రాళ్లను వెతికిపెట్టే స్కౌట్‌గా రమ్మన్నారు. నన్ 1967లో పార్ట్‌టైమ్‌గా చేరి, 1969 నుంచి పూర్తికాలం పనిచేశారు.

మిగతా జట్ల స్కౌట్లు పెద్ద విశ్వవిద్యాలయాల చుట్టూ తిరుగుతుంటే నన్ దారి వేరు. అక్కడి కోచ్‌లు ఆయనకు ఎన్నో ఏళ్ల స్నేహితులు. సదరన్ నుంచి మెల్ బ్లౌంట్, ఆర్కన్సా ఏఎం అండ్ ఎన్ నుంచి పదో రౌండులో ఎల్.సి. గ్రీన్‌వుడ్ అలాగే వచ్చారు.

జాన్ స్టాల్‌వర్త్ సంగతి స్టీలర్స్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలబామా ఏ అండ్ ఎమ్ కాలేజీలో అతని పరుగు చూడటానికి స్కౌట్లు కలిసి వెళ్లారు. నేల తడిగా ఉంది. స్టాప్‌వాచీలో వచ్చిన సమయం అంతంతమాత్రం. అందరూ ఆ అంకె రాసుకుని తర్వాతి ఊరికి బయల్దేరారు. ఒంట్లో బాగాలేదని చెప్పి నన్ వెనక ఉండిపోయారు. మర్నాడు పొడి నేల మీద మళ్లీ పరిగెత్తించి చూశారు. ఈసారి అంకె మారిపోయింది. మిగతా జట్ల దగ్గర ఉన్నది తడి నేల అంకె. అసలు అంకె స్టీలర్స్ ఒక్కరి దగ్గరే ఉంది.

1974 డ్రాఫ్ట్ వచ్చింది. నోల్ స్టాల్‌వర్త్‌ను మొదటి రౌండులోనే తీసుకుందామన్నారు. తొందర లేదు, ఆగితే దొరుకుతాడని నన్ నచ్చజెప్పారు. మొదటి రౌండులో లిన్ స్వాన్‌నూ, రెండో రౌండులో కెంట్ స్టేట్ కుర్రాడు జాక్ లాంబర్ట్‌నూ తీసుకున్నారు. మైదానం బురదగా ఉందని కెంట్ స్టేట్ జట్టు పార్కింగ్ స్థలంలో సాధన చేస్తున్న రోజున లాంబర్ట్ ఆ గరుకు నేల మీదే దూకి తోటి ఆటగాడిని పడగొట్టి, లేచి ఒంటికి గుచ్చుకున్న రాళ్లు తీసుకుంటూ మళ్లీ వరసలో నిలబడ్డాడు. అది స్టీలర్స్ స్కౌట్ కంట పడింది. మూడో రౌండు పిక్ వాళ్ల చేతిలో లేదు. నాలుగో రౌండు దాకా గుండెలు చిక్కబట్టుకుని ఆగారు. స్టాల్‌వర్త్ దొరికాడు. ఐదో రౌండులో మైక్ వెబ్‌స్టర్. డ్రాఫ్ట్ ముగిశాక, ఎవరూ ఎంచుకోని డానీ షెల్‌ను కూడా పిలిచి తీసుకున్నారు. ఆ ఒక్క ఏడాది తెచ్చిన కుర్రాళ్లలో ఈ ఐదుగురూ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. 2021లో బిల్ నన్‌కూ ఆ గౌరవం దక్కింది. అప్పటికి ఆయన పోయి ఏడేళ్లు.

ఇందులో న్యాయమూ ఉంది, లాభమూ ఉంది. రంగు చూసి తలుపులు మూసుకున్న జట్లు తమ నష్టాన్ని తామే కొనితెచ్చుకున్నాయి. తలుపు తీసిన జట్టు గెలిచింది.

ఇష్టమైనవాడిని వదులుకోవడం

చేతిలో ఒక్కడే గొప్ప ఆటగాడు ఉండి, చుట్టూ జట్టు లేనప్పుడు ఏం చేయాలి? 1989లో డాలస్ కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ దీనికి జవాబిచ్చారు. జట్టులో పేరున్నవాడల్లా హెర్షెల్ వాకర్ ఒక్కడే. అక్టోబర్‌లో అతన్ని మిన్నెసోటా వైకింగ్స్‌కు ఇచ్చేసి, ఐదుగురు ఆటగాళ్లనూ పిక్‌లనూ తీసుకున్నారు. ఆ ఐదుగురిలో ఎవరినైనా డాలస్ వదిలేస్తే బదులుగా ఒక పిక్ దక్కేలా ఒప్పందంలో రాసుకున్నారు. ఆటగాళ్లను ఉంచుకుంటారని వైకింగ్స్ అనుకున్నారు. జాన్సన్‌కు కావలసింది పిక్‌లే. ఆ ఏడాది కౌబాయ్స్ గెలిచింది ఒక్క మ్యాచ్. వైకింగ్స్ నుంచి వచ్చిన పిక్‌ను మార్చుకుని మరుసటి ఏడాది ఎమిట్ స్మిత్‌ను తెచ్చుకున్నారు. లీగ్ చరిత్రలోనే అత్యధిక పరుగు గజాలు, 18,355, అతనివే. 1993, 1994, 1996 జనవరుల్లో కౌబాయ్స్ మూడు సూపర్ బౌల్‌లు గెలిచారు. నేడు ఎందరో తెలుగువాళ్లు స్థిరపడిన, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలోనే ఆ జట్టు కేంద్ర కార్యాలయం ఉంది. అక్కడ పెరుగుతున్న మన పిల్లలకు ఈ కథ ఊరి కథే.

2021లో డెట్రాయిట్ లయన్స్ కూడా ఇలాగే తమ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ను లాస్ ఏంజిలెస్ రామ్స్‌కు ఇచ్చి, జారెడ్ గాఫ్‌నూ, రెండు మొదటి రౌండు పిక్‌లనూ, ఒక మూడో రౌండు పిక్‌నూ తీసుకున్నారు. మరుసటి ఫిబ్రవరిలోనే స్టాఫర్డ్ రామ్స్‌కు సూపర్ బౌల్ గెలిపించాడు. డెట్రాయిట్ అభిమానికి ఎంత మంట పుట్టి ఉంటుందో ఊహించవచ్చు. పైగా కొత్త కోచ్ డాన్ క్యాంప్‌బెల్ తొలి సీజన్‌లో మూడే గెలుపులు. రెండో సీజన్ మొదటి ఏడు మ్యాచ్‌ల్లో ఒకటే గెలుపు. యాజమాన్యం అప్పుడు కోచ్‌ను తీసేసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. తీసేయలేదు. ఆ సీజన్ 9 గెలుపులతో ముగిసింది. తర్వాతి రెండు సీజన్లలో 12, 15. నాలుగో రౌండులో వచ్చిన అమోన్-రా సెయింట్ బ్రౌన్ లీగ్‌లో అగ్రశ్రేణి రిసీవర్ అయ్యాడు. 2024 జనవరిలో సొంత మైదానంలో స్టాఫర్డ్ ఉన్న రామ్స్‌నే 24-23తో ఓడించి, ముప్ఫై రెండేళ్ల తర్వాత ప్లేఆఫ్ మ్యాచ్ గెలిచారు.

ఓపిక అంటే చేతులు ముడుచుకోవడం కాదు

స్టీలర్స్ గెలుపుల లెక్క చూడండి: 1969లో 1, 1970లో 5, 1971లో 6, 1972లో 11. 1970లో వచ్చిన క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బ్రాడ్‌షా తొలి ఏడాది ఆరు టచ్‌డౌన్ పాస్‌లు వేసి, 24 సార్లు బంతిని ఎదుటివాళ్ల చేతిలో పెట్టాడు. తొలి ట్రోఫీ అతని ఐదో సీజన్‌లో గానీ రాలేదు. ఆ ఐదేళ్లూ నోల్ రోజూ అతన్ని దిద్దుతూనే ఉన్నారు. 1974లో కొన్ని మ్యాచ్‌లకు పక్కన కూర్చోబెట్టారు కూడా. అయినా వదిలేయలేదు.

క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2016, 2017లలో 32 మ్యాచ్‌లకు ఒక్కటే గెలిచి పిక్‌లు కూడబెట్టారు. 2020 సీజన్‌లో ప్లేఆఫ్ మ్యాచ్ గెలిచి నిలదొక్కుకుంటున్నారనిపించారు. అంతలో 2022లో డెషాన్ వాట్సన్ ఒక్కడి కోసం మూడు మొదటి రౌండు పిక్‌లు ఇచ్చేసి, 23 కోట్ల డాలర్లకు పూర్తి హామీ రాసిచ్చారు. అతను గాయాలతో, నిషేధంతో ఎక్కువకాలం మైదానం బయటే ఉన్నాడు. ఏళ్ల తరబడి ఓడి కూడబెట్టింది ఒక్క సంతకంతో పోయింది.

మన హైదరాబాద్‌లో ఆడేది వేరే ఫుట్‌బాలే అయినా పాఠం ఇదే. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20 ఐఎస్‌ఎల్‌లో ఆఖరి స్థానంలో నిలిచింది. కోచ్ మనోలో మార్కెస్ వచ్చి ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి కుర్రాళ్లను నమ్మి ఆడించారు. 2022 మార్చిలో కప్పు వచ్చింది. ఆర్థిక ఇబ్బందులతో ఆటగాళ్లు తలోదిక్కూ వెళ్లిపోగా 2023-24లో జట్టు మళ్లీ అట్టడుగుకు చేరింది. కట్టడానికి రెండు సీజన్లు పట్టింది, కూలడానికి ఒక్క సీజన్ చాలింది.

అందుకే ఓడుతున్న జట్టు యాజమాన్యం చేయాల్సిన పనులు నాలుగే. ఉన్న స్థితిని ఒప్పుకోవాలి. పిక్‌లు అమ్ముకోకూడదు. ఇతరులు చూడని చోట చూసే స్కౌట్‌కు గౌరవమిచ్చి, జీతమిచ్చి, అతని మాట వినాలి. కోచ్‌కు కనీసం మూడు సీజన్లు ఇవ్వాలి. స్టీలర్స్ 1969 తర్వాత యాభై ఏళ్లకు పైగా ముగ్గురంటే ముగ్గురు కోచ్‌లతోనే నడిచారు. ఆ ముగ్గురూ ట్రోఫీలు తెచ్చారు. ఇక అభిమానులకు ఒక మనవి: రెండో ఏడాది ఓటములు చూసి కోచ్‌ను తీసేయమని కేకలు వేసేముందు, జట్టులో కుర్రాళ్లు నిరుటికంటే బాగా ఆడుతున్నారా లేదా అని చూడండి. ఆడుతుంటే, ఆగండి.