ఐరిష్ భాష, పాట: వాటికి యజమానులెవరు?

ఐర్లండు తెలుగు పాఠకులకు బొత్తిగా కొత్త దేశం కాదు. యేట్సు కవిత్వం, సింజ్ నాటకాలు, షా వ్యంగ్యం, జాయిస్ నవలలు మన కళాశాలల్లో చాలాకాలంగా చదువుతూనే వున్నారు. యేట్సు మిత్రబృందంలోని జేమ్స్ కజిన్స్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేశాడు. 1919లో రవీంద్రుడు అక్కడికి వచ్చినప్పుడే "జనగణమన"కు ఇంగ్లీషు అనువాదం చేశాడు. కజిన్స్ భార్య మార్గరెట్ దాని బాణీకి స్వరలిపి రాసింది. అయితే ఈ పరిచయమంతా ఇంగ్లీషు ద్వారా వచ్చినదే. ఆ దేశపు రైతుకూలీలు, బెస్తలు, పనిమనుషులు ఏ భాషలో తిట్టుకున్నారో, ఏడ్చారో, పాడారో ఆ భాషలోనూ పుస్తకాలున్నాయనీ, వాటి చరిత్ర వేరే వుందనీ మనలో చాలామంది గుర్తించలేదు. నేను కూడా ఈ పుస్తకాలను ఇంగ్లీషు అనువాదాల్లోనే చదివాను. పాటలను మాత్రం రికార్డుల మీద ఆ గొంతుల్లోనే విన్నాను. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న తలెత్తుతుంది. ప్రజల భాషనూ పాటనూ కాపాడుతున్నామనేవారు ఆ ప్రజలను ఏం చేశారు?

ముందు చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవాలి. 1831లో బ్రిటిష్ ప్రభుత్వం నెలకొల్పిన జాతీయ పాఠశాలల్లో బోధన ఇంగ్లీషులోనే సాగింది. ఐరిష్ మాట పలికిన పిల్లవాడి మెడలోని కర్ర మీద ఒక్కో మాటకు ఒక్కో గాటు పెట్టి, సాయంత్రానికి గాట్లు లెక్కించి కొట్టేవారు. ఆ లెక్కకు తల్లిదండ్రులు కూడా సహకరించారు. వారికి సొంత భాష మీద ద్వేషం లేదు. అమెరికాలో కూలి దొరకాలంటే ఇంగ్లీషు కావాలని వారికి తెలుసు. 1845లో బంగాళాదుంప పైరుకు తెగులు పట్టింది. దేశం నుంచి ధాన్యం ఓడల్లో ఎగుమతి అవుతుండగానే పది లక్షలమంది ఆకలితో, జ్వరాలతో చనిపోయారు. మరో పది లక్షలమంది దేశం విడిచారు. 1841లో సుమారు 82 లక్షలున్న జనాభా 1851 నాటికి 65 లక్షలకు పడిపోయింది. చనిపోయినవారిలో, పోయినవారిలో అత్యధికులు పడమటి జిల్లాల పేదలు. అంటే ఐరిష్ మాట్లాడేవారు. ఆ భాష తనంతట తాను క్షీణించిందనడం చరిత్రను దాచడమే. కౌలు పెంచి, రైతును భూమి నుంచి గెంటివేసిన వ్యవస్థే భాషను కూడా గెంటివేసింది.

1893లో గేలిక్ లీగ్ ఏర్పడి భాషోద్ధరణ ఉద్యమం మొదలయింది. మన గ్రాంథిక వ్యావహారిక వివాదం ఎరిగినవారికి అక్కడి తొలి తగాదా సుపరిచితంగా తోస్తుంది. 17వ శతాబ్దపు కీటింగ్ వచనమే ప్రమాణమని కొందరు పండితులు పట్టుబట్టారు. పాదర్ ఓ లేరి అనే ఫాదరీ, బతికివున్న జనం మాటే ప్రమాణమని వాదించి, తన ప్రాంతపు రైతుల పలుకుబడిలో "షేనా" అనే కథ రాసి చూపించాడు. అది 1904లో పుస్తకంగా వచ్చింది. ఇక్కడ గిడుగువారు పోరాడుతున్న కాలమూ ఇంచుమించు అదే. ఐర్లండులోనూ వాడుకభాషే గెలిచింది. అయితే జనం మాట గెలవడమూ, ఆ మాట పలికే జనం గెలవడమూ ఒకటి కాదు. ఈ తేడాను నేను ఈ వ్యాసమంతటా నొక్కి చెప్పదలచాను.

1922లో స్వతంత్ర రాజ్యం ఏర్పడింది. 1937 రాజ్యాంగం ఐరిష్‌ను ప్రథమ అధికార భాషగా ప్రకటించింది. అంతకు ముందే, 1926లో ఏర్పడిన ప్రభుత్వ ప్రచురణ శాఖ కుప్పలు తెప్పలుగా ఇంగ్లీషు నవలలను ఐరిష్‌లోకి అనువదింపజేసింది. పడమటి తీరంలో మాత్రం రాళ్ళ మధ్య చారెడు మట్టిని నమ్ముకున్న కుటుంబాలు వలసపోతూనే వున్నాయి. 1935లో అదే ప్రభుత్వం నాట్యశాలల చట్టం తెచ్చింది. లైసెన్సు లేని చోట బహిరంగ నృత్యం నేరమయింది. చర్చి పెద్దలూ పోలీసులూ ఆ చట్టం చూపించి, పల్లెల్లో ఇళ్ళ ముంగిట జరిగే ఆటపాటలను అణచివేశారు. జాతీయ సంస్కృతి పేరు జపించే పాలకవర్గం ఆ సంస్కృతి పుట్టే వంటింటికి తాళం వేసింది.

ఈ నేపథ్యంలో బ్లాస్కెట్ ద్వీపపు పుస్తకాలను చూడాలి. నైరుతి కొసన సముద్రంలో వున్న ఆ చిన్న దీవి నుంచి కొద్ది సంవత్సరాల్లో మూడు గొప్ప ఆత్మకథలు వచ్చాయి: 1929లో తొమాస్ ఓ క్రిహన్‌ది, 1933లో మురిష్ ఓ సూలివాన్‌ది, 1936లో పెగ్ సేయర్స్‌ది. మురిష్‌ను రాయమని ప్రోత్సహించి, ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవారిలో ఒకడు జార్జి థామ్సన్. "మార్క్సిజం, కవిత్వం" రచయితగా మన అభ్యుదయ విమర్శకులు ఎరిగిన థామ్సన్ ఇతడే. శ్రమలో, మాటలో, లయలో కవిత్వం ఎలా పుడుతుందో అతడు గ్రీకు గ్రంథాల్లోనే గాక ఈ బెస్తల మధ్య కూడా చూశాడు.

పెగ్ పుస్తకానికి పట్టిన గతి మరీ విచారకరం. ఆమె చెప్పగా కొడుకు రాసుకున్నాడు; డబ్లిన్ విదుషీమణి ఒకరు పరిష్కరించారు. దశాబ్దాల పాటు అది పాఠశాలల్లో పాఠ్యగ్రంథం. దైవభక్తికీ ఓర్పుకూ ప్రతిరూపమైన ముసలమ్మగా ఆమెను పిల్లలకు పరిచయం చేశారు. పిల్లలు ఆమెను విసుక్కున్నారు. నిజానికి ఆ కథలో వున్నదేమిటి? చిన్ననాడే పరాయి ఇంట్లో పనిమనిషిగా కుదిరిన పిల్ల. అమెరికా నుంచి ఓడ ఛార్జీలు పంపుతానన్న స్నేహితురాలికి అక్కడ చెయ్యి దెబ్బతినడంతో ఆ డబ్బు రాలేదు. ఆ దారి మూసుకుపోయాక దీవికి కోడలుగా వెళ్ళింది. కన్నబిడ్డల్లో కొందరిని మట్టికీ, మిగిలినవారిలో చాలామందిని అమెరికాకూ అప్పగించింది. ఇది ఓర్పు గురించిన ఉపదేశం కాదు, కూలిబతుకు వాఙ్మూలం. దాన్ని భక్తి పాఠంగా మార్చినది పాఠ్యప్రణాళిక. 1953లో దీవిలో మిగిలిన కొద్దిమందిని ప్రభుత్వం ఒడ్డుకు చేర్చింది. పుస్తకాలు అచ్చులో వున్నాయి. ఊరు మాత్రం లేదు.

ఈ వైపరీత్యాన్ని నవ్వుతో చీల్చి చూపిన పుస్తకం 1941లో వచ్చింది. దాని పేరును మన పలుకుబడిలో "బీద అరుపులు" అనవచ్చు. మైల్స్ న గోపలీన్ అనే కలంపేరుతో దీన్ని రాసిన బ్రయన్ ఓ నోలన్ ప్రభుత్వోద్యోగి. అందులో జానపద పరిశోధకుడొకడు పల్లెకు యంత్రం తెస్తాడు. చీకటి గుడిసెలో ఒక పంది గురగురలను రికార్డు చేసుకుని, ఇంత స్వచ్ఛమైన ప్రాచీన ఐరిష్ ఎన్నడూ వినలేదని మురిసిపోతాడు. బెర్లిన్ పండితుల మెప్పు కూడా పొందుతాడు. భాషోత్సవానికి వచ్చిన పెద్దలు ఉపన్యాసాలిస్తూ వుంటే ఆకలితో వున్న జనం నాట్యమాడి ఆడి కూలిపోతారు. వెక్కిరింత పేదవారి మీద కాదు. పేదరికాన్ని ప్రాచీనతగా భావించి చేతులు జోడించే పట్నపు పెద్దమనుషుల మీద.

ఇక మార్టీన్ ఓ కైన్. 1906లో గాల్వే తీరాన పుట్టి, బడిపంతులై, రిపబ్లికన్ సైన్యంలో సభ్యుడైనందుకు ఉద్యోగం పోగొట్టుకుని, 1940 నుంచి 1944 వరకు నిర్బంధ శిబిరంలో గడిపాడు. ఫ్రెంచి అనువాదంలో గోర్కీ కథ ఒకటి చదివినప్పుడే, తన ఊరి జనం గురించి తానూ ఇలా రాయగలనని గ్రహించానని ఆయనే చెప్పుకున్నాడు. గోర్కీ "అమ్మ"ను కన్నతల్లిగా చూసుకున్న మనకు ఈ బంధుత్వం చెప్పకుండానే తెలుస్తుంది.

ఆయన నవల "క్రే న కిల్లె" 1949లో "ఐరిష్ ప్రెస్" దినపత్రికలో ధారావాహికంగా వచ్చింది. పేరుకు అర్థం శ్మశానపు మట్టి. పాత్రలందరూ చనిపోయినవారే, నవలంతా భూమి కింద వారి సంభాషణ. కత్రీనా అనే స్త్రీ పాతిపెట్టబడీ పెట్టబడకముందే తెలుసుకోగోరేది ఒక్కటే: తనను ఒక పౌను స్థలంలో పెట్టారా, పదిహేను షిల్లింగుల దానిలోనా, లేక అంతకన్నా చవక స్థలంలోనా? చచ్చిన తర్వాత కూడా వర్గభేదం ధరల పట్టీతో సహా వుందన్నమాట. చెల్లెలు నెల్ మీద పగ, అమెరికాలోని అక్క వీలునామా, ముసలి బంధువు పొలం ఎవరికి దక్కుతుందన్న ఆరాటం, ఒకరి బాకీలు మరొకరు ఎత్తిపొడవడం, చివరికి శ్మశానంలో ఎన్నికలు కూడా.

ఈ నవల గురించి మన మిత్రులు కొందరు ఆక్షేపించవచ్చు. ఇందులో పోరాడే రైతు ఎక్కడ? భవిష్యత్తు చూపే పాత్ర ఎవరు? పేదవారిని ఇంత అసూయాపరులుగా చూపడం ప్రజాద్రోహం కాదా? నేను అలా అనుకోను. చారెడు నేల కోసం మనుషులు ఇంత చిన్నబోవడం వారి స్వభావదోషం కాదు. ఆ నేల చారెడే కావడం. ఓ కైన్ ఈ మాటను ఉపన్యాసంగా చెప్పలేదు. ప్రతి తిట్టులోనూ పొలం గట్టు కనిపించేటట్టు రాశాడు. పైగా, పెగ్‌ను దేవతను చేసినవారు ఐరిష్ పల్లెవాసికి కోపం, ఈర్ష్య, హాస్యం వుండే హక్కునే తీసేశారు. ఓ కైన్ ఆ హక్కు తిరిగి ఇచ్చాడు. సత్పాత్ర లేని చోట అభ్యుదయం లేదనే విమర్శ, పాఠ్యప్రణాళిక చేసిన పనినే వేరే జెండా కింద చేస్తుంది. ఈ పుస్తకం 2015 వరకు ఇంగ్లీషులో అచ్చు కాలేదన్నది కూడా గమనించదగినదే. ఇంగ్లీషులో లేనిది లేనట్టేనని ప్రపంచం అనుకుంటుంది.

ఓ కైన్ రాసి ఊరుకోలేదు. ఐరిష్ పల్లెలకు భూమి కావాలని 1930లలో సాగిన ఉద్యమంలో ఆయన ముందున్నాడు. ఫలితంగా 1935లో కానమారా నుంచి 27 కుటుంబాలకు మీత్ జిల్లాలోని సారవంతమైన నేలలో భూమి ఇచ్చి రాకార్న్ గ్రామం నెలకొల్పారు. ఇంగ్లీషు జిల్లా నడిబొడ్డున ఆ ఊరు నేటికీ ఐరిష్ ఊరే. నిఘంటువులూ ఉత్సవాలూ చేయలేని పని కొన్ని ఎకరాల భూమి చేసింది. అయితే భూమి ఒక్కటే చాలదని కూడా ఆ ఊరే చెబుతుంది. దాన్ని అధికారికంగా ఐరిష్ ప్రాంతంగా గుర్తించడానికి ప్రభుత్వం 1967 దాకా ఆగింది. అంతవరకు భాషను నిలిపినది ఆ ఊరివారి పంతం.

ఇక సంగీతానికి వద్దాం. ఒక పెద్ద సంగ్రహం చేసినవాడు షికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన కార్క్ జిల్లా వలసజీవి ఫ్రాన్సిస్ ఓ నీల్. 1903లో ఆయన ప్రచురించిన గ్రంథంలో 1,850 బాణీలున్నాయి. పోలీసు చేసిన పని కనుక తోసిపుచ్చలేం. వలసకార్మికుల నగరంలో ఐర్లండు జిల్లాలన్నీ ఒకే వీధిలో వుండడం వల్లనే అంత పని సాధ్యమయింది. గ్రామఫోను రికార్డుల కథ కూడా ఇదే. స్లైగో జిల్లా నుంచి 1914లో వలసపోయిన మైకేల్ కోల్మన్ ఫిడేలును 1920లు, 30లలో న్యూయార్కు కంపెనీలు రికార్డు చేశాయి. కొనేవారు వలసకూలీలు. వారు ఆ ప్లేట్లను ఇంటికి పంపారు. పల్లెల్లోని ఫిడేలు వాద్యకులు వాటిని అరిగేదాకా విని నేర్చుకున్నారు. మూడు నిమిషాల్లో ఇమడాలి కనుక రెండు మూడు బాణీలు గుదిగుచ్చడం ప్లేటు మీద స్థిరపడింది. ఆ సంగీతం తెలియని పియానో వాద్యకుడిని పక్కన కూర్చోబెట్టడం కంపెనీ అలవాటు. స్లైగో పద్ధతి దేశమంతటా వ్యాపించింది. అనేక జిల్లాల సొంత పద్ధతులు వెనకబడిపోయాయి. ఇందులో యంత్రాన్ని నిందించి ప్రయోజనం లేదు. ఏ గొంతు అమ్ముడవుతుందో దాన్నే వెయ్యిసార్లు అచ్చువేయడం మార్కెట్టు ధర్మం.

ప్రభుత్వ సేకరణ తీరు వేరు. 1935లో ఏర్పడిన జానపద కమిషన్ మైనపు గొట్టాల మీద కథలు, పాటలు పట్టింది. డబ్బు చాలక, కాగితం మీదికి ఎత్తుకున్న తర్వాత ఆ మైనాన్ని గీకి మళ్ళీ వాడేవారు. మాట మిగిలింది, గొంతు పోయింది. అదే కమిషన్ 1947లో జానీ డోరన్ వాదనాన్ని రికార్డు చేయడం మన అదృష్టం. అతడు సంచారజాతివాడు, గుర్రపు బండిలో కుటుంబంతో తిరుగుతూ సంతల్లో, గుర్రపు పందేల దగ్గర మోచేతి కింద తిత్తి నొక్కి వాయించే ఐరిష్ పైపులు వాయించేవాడు. 1948లో డబ్లిన్‌లో అతని బండి మీద గోడ కూలింది; ఆ గాయాల నుంచి కోలుకోక 1950లో చనిపోయాడు. ఆ రికార్డులు వింటే నిలబడి సంతజనాన్ని ఆపవలసినవాడి ఉరవడి వినిపిస్తుంది. అవి ప్రజల చేతికి పూర్తిగా అందినది 1988లో.

జో హీనీ కథ కూడా చెప్పాలి. కానమారాలోని కార్నలో 1919లో పుట్టి, వాద్యం తోడు లేకుండా పాడే పాత పద్ధతిలో ఆయనను మించినవారు అరుదు. గేల్ లిన్ సంస్థ ఆయన పాటలను రికార్డు చేసింది. ఆయన బతికినది మాత్రం ఇంగ్లండు కూలిపనుల మీద, ఆ తర్వాత న్యూయార్కులో ఒక భవనపు ద్వారపాలకుడుగా. 1982లో అమెరికా ప్రభుత్వం జాతీయ గౌరవం ఇచ్చింది. 1984లో సియాటిల్‌లో మరణించాడు. పాట స్వదేశంలో జాతీయ సంపద అయింది, పాడినవాడికి స్వదేశంలో జీతం లేకపోయింది.

2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చునని చెప్పుకున్నవారు 18 లక్షల 70 వేలమంది పైచిలుకు. బడి బయట రోజూ మాట్లాడేవారు 72 వేలకు లోపే. అదే ఏడాది జనవరి నుంచి ఐరోపా సమాఖ్యలో ఆ భాషకు పూర్తి అధికార హోదా అమలయింది. హోదాకూ వాడుకకూ మధ్య ఈ అగాధమే వందేళ్ళ అధికారిక భాషోద్ధరణకు ఇచ్చిన మార్కులు. మరోవైపు, పల్లెవాసులు 1969లో పౌరహక్కుల ఉద్యమం నడిపి, చట్టాన్ని ధిక్కరించి సొంత రేడియో ప్రసారం చేశారు. 1972లో ప్రభుత్వం ఐరిష్ రేడియో కేంద్రం నెలకొల్పక తప్పలేదు. ఇచ్చిన హోదా కన్నా తీసుకున్న హక్కు ఎక్కువ పనిచేసింది.

తెలుగు బోధించే మనకూ ఇందులో పని వుంది. జానపద గేయ సంపుటి చేతికి వచ్చినప్పుడు పాఠాంతరాలు, ఛందస్సు చూస్తాం, చూడాలి కూడా. దానితో పాటు పాడినవారి పేరు వుందా, వారికి ఏమి ముట్టింది, వారి పిల్లలు ఆ ఊళ్ళోనే వున్నారా అని కూడా అడగాలి. సమాధానం ఎలా వున్నా పాట అందం తగ్గదు. కానీ ఆ ప్రశ్నలు లేని విమర్శ, పంది గురగురలు పట్టుకుని బెర్లిన్ వెళ్ళిన పరిశోధకుడి సరసన చేరుతుంది.