పొణికి మొక్కలెవరు పెడతారు?

హుజూర్‌నగర్ నుంచి కోదాడ మీదుగా బెజవాడ పోతుంటే, ఊరింకా రాకముందే కొండపల్లి కొండలు కనిపిస్తాయి. అటు వెళ్లినప్పుడల్లా బొమ్మల కాలనీలో కాసేపు కూచుని వస్తాను.

అక్కడి పనంతా తెల్ల పొణికి కర్ర మీదే. బరువుండదు, మెత్తన, ఉలి ఎటంటే అటు వస్తుంది. ఆరబెట్టి, సన్నటి సెగ చూపి తేమంతా లాగేస్తారు. తల, మొండెం, చేతులు వేర్వేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నం పూత ఆరాకే రంగు. తాడెక్కే గౌండ్లాయన బొమ్మను వేళ్లతో తడిమి చూశాను. మెడ దగ్గర గానీ భుజం దగ్గర గానీ అతుకు తగల్లేదు.

ఆ కర్ర ఒకప్పుడు ఊరి కొండల్లోనే దొరికేది. ఇప్పుడు దూరపు అడవుల నుంచి కొని తెచ్చుకుంటున్నారు. నిర్మల్ బొమ్మలకూ ఇదే చెట్టు, ఇదే కొరత. బొమ్మలవాళ్లే నరికేశారనే మాట నేనొప్పుకోను. ఒక్క దుంగలో ఎన్నో బొమ్మలు తీసే మనిషి కొండను బోడి చేయలేడు. వంటచెరుకు నరుకుడు, గ్రావెల్ తవ్వకాలు చేసిన నష్టం ముందు ఆయన ఉలి ఎంత?

పొణికి గింజ పెంకు గట్టిది, త్వరగా మొలవదు. తలుపులకు, దూలాలకు పనికిరాదు కాబట్టి రైతు గట్టున పెట్టుకోడు. మనం కాగితం మిల్లుల కోసం సుబాబుల్, జామాయిల్ వేసుకున్నాం. అవీ పచ్చగానే ఉంటాయి. కానీ వాటిని అడవి అనడానికి నాకు నోరు రాదు.

ఏటికొప్పాక వాళ్లు నాకు ధైర్యమిస్తారు. వాళ్ల లక్క బొమ్మలకు అంకుడు కర్ర. కొమ్మలు కొట్టుకున్నా చెట్టు మళ్లీ చిగురిస్తుంది. రసాయన రంగులు ముంచుకొచ్చిన కాలంలో సి.వి. రాజు గారు పనివాళ్లను కలుపుకొని మొక్కల నుంచి తీసే రంగులను నిలబెట్టారు. ఆ బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు, ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చాయి. చెట్టును కాపాడుకోవడం కూడా శిల్పి పనిలో భాగమేనని నేను నమ్ముతాను. కానీ ఆ భారమంతా ఆయన ఒక్కడి మీదే వేయడం అన్యాయం.

2015లో మొదలైన హరితహారంతో ఊరూరా నర్సరీలు వచ్చాయి. మన మండలం నర్సరీల్లో పొణికి, అంకుడు మొక్కలు కూడా పెంచాలని అటవీ శాఖను అడుగుతున్నాను. పొణికికి నల్లరేగడి అక్కర్లేదు, అది పెరిగేదే ఎండు రాళ్ల గుట్టల మీద. మట్టపల్లి దారిలో అలాంటి గుట్టలు ఇంకా మిగిలే ఉన్నాయి.