కూలీ అంటే ఒక్క అంకె కాదు

పాత ఫ్లాటు కొని, బాగుచేసి అద్దెకివ్వాలనుకునేవాళ్లు వేసుకున్న లెక్కలు చాలా చూశాను. టైల్స్, కుళాయిలు, గ్రానైట్ రేట్లు పైసలతో సహా ఉంటాయి. కూలీ దగ్గరికొచ్చేసరికి ఒక్కటే అంకె: చదరపు అడుగుకు ఇంత. లెక్క తప్పేది అక్కడే.

హైదరాబాద్‌లో తొంభైల నాటి అపార్ట్‌మెంట్లంటే నాకు మోజు. భూమిలో వాటా కొత్తవాటికంటే మెరుగ్గా వస్తుంది. కానీ గోడల్లో జీఐ పైపులు తుప్పు పట్టి ఉంటాయి. అవి మార్చాలంటే బాత్రూం పగలగొట్టాలి. పగలగొట్టేవాడికో కూలీ. ఆ ముక్కల్ని గోనె సంచుల్లోకి ఎత్తడానికి ఇంకో కూలీ. అసోసియేషన్ వాళ్లు లిఫ్టు వాడనివ్వరు కాబట్టి నాలుగో అంతస్తు నుంచి మెట్ల మీదుగా దించడానికి మరొకటి. ట్రాలీ ఆటో కిరాయి వేరు. ఇంతా అయ్యాక కూడా ఒక్క టైలైనా అంటుకోలేదు! వాటర్‌ప్రూఫింగ్ చేసి, లీకు తెలియడానికి నీళ్లు నిలగట్టాలి. ఈలోగా మేస్త్రీ ఇంకో సైటుకు పోతాడు. పోయినవాడు ఎప్పుడొస్తాడో మన చేతిలో ఉండదు. బ్యాంకు వాయిదా, మెయింటెనెన్స్ మాత్రం ఆగవు. వడ్రంగులు, పెయింటర్లలో ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. ఛఠ్‌కో హోలీకో ఊరెళితే పని సగంలో నిలిచిపోతుంది.

గుత్తకివ్వాలా, రోజు కూలీకా? గుత్తకిస్తే తొందరగా ముగించడంలోనే మేస్త్రీకి లాభం, రోజు కూలీ అయితే సాగదీయడంలో. హాలు టైల్స్ గుత్తకిస్తాను, తప్పు కంటికి కనిపిస్తుంది కనుక. బాత్రూం తడి పని రోజు కూలీకే, పక్కన నిలబడి చేయిస్తాను. అక్కడి తప్పు కింది ఫ్లాటువాళ్ల సీలింగులో కొన్ని నెలలకు గానీ బయటపడదు. అడ్డా మీద హెల్పర్‌తో యాభై రూపాయలకు బేరమాడేవాళ్లను చూస్తే మాత్రం చిరాకేస్తుంది. అతను రాకపోతే, అతనికంటే ఎక్కువ కూలీ తీసుకునే మేస్త్రీ మాలు అందించేవాడు లేక చేతులు ముడుచుకుని కూర్చుంటాడు.

ఇక పన్ను. అద్దె ఆదాయంలో మున్సిపల్ పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఉంటుంది. మనం మరమ్మతుకు ఎంత పెట్టినా, అసలేమీ పెట్టకపోయినా అంతే. అమ్మేటప్పుడు, ఇంటి విలువ పెంచిన శాశ్వతమైన మార్పుల ఖర్చును కొన్న ధరకు కలుపుకోవచ్చు. రంగులు, చిల్లర మరమ్మతులు అందులోకి రావు. 2024 జూలై 23 నుంచి కొన్న ఇళ్లకు ఇండెక్సేషన్ కూడా లేదు. టైల్స్ దుకాణం జీఎస్టీ బిల్లు ఇస్తుంది, మేస్త్రీ ఇవ్వడు. కాబట్టి కూలీ డబ్బు బ్యాంకు ద్వారానే ఇచ్చి, అతనిచేత రసీదు మీద సంతకం పెట్టించుకుంటాను.

మొజాయిక్ నేల ఉంటే నేను పగలగొట్టించను, పాలిష్ పట్టిస్తాను. టైల్స్ మీద టైల్స్ వేయించడం చవకే, కాకపోతే నేల లేచి తలుపులన్నీ కింద కోయించాలి, అది మళ్లీ వడ్రంగి కూలీ. పైగా అద్దెకొచ్చేవాళ్లు నేలవైపు చూసేది ఆఖర్న. ముందుగా అడిగేది కారు పార్కింగ్ ఉందా, కుళాయిలో మంజీరా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి అనే.