తీసివేయదగిన తనిఖీ

ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమగు కెర్నెల్ విద్య నభ్యసించుచున్న మా డోన్ కుర్రవా డొకడు ఈ వారము చూపిన పాఠ్యపుస్తకములో, 2019 జనవరిలోనే లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ నుండి తొలగించిన ‘వెరిఫై రైట్’ ఇంకను సజీవముగా బోధింపబడుట చూచి నాకు మిక్కిలి ఖేదము కలిగినది. పెద్దలు పెట్టిన కాపును తీయరాదని ఈ శీర్షికలో ఎన్నిమారులు వాదించితినో పాఠకు లెరుగుదురు; అయినను ఈ విషయమున నా పక్షము తీసినవానిదే.

80386 ప్రాసెసరు, కెర్నెల్ నడచునపుడు, వ్రాతకు నిషిద్ధమైన మెమరీ పేజీపై సయితము అడ్డులేక వ్రాయనిచ్చెడిది. అందుచే యూజర్ ప్రోగ్రామిచ్చిన చిరునామాలో వ్రాయుటకు ముందు కెర్నెలే పేజీల నొక్కొక్కటిగా పరీక్షించి, పరులతో పంచుకొన్న పేజీకి వేరు ప్రతి తీయించి, పిమ్మట వ్రాయవలసివచ్చెను. పరీక్షకును వ్రాతకును నడుమ మరియొక థ్రెడ్ చొరబడి ఆ పేజీ స్థితిని మార్చినచో, పరీక్షించితినను ధీమాతోనే కెర్నెల్ పరుల పేజీని చెరుపును. 486 నుండి ఈ కాపలాను, వ్రాత జరుగు క్షణముననే, హార్డ్‌వేరు వహించినది. 2012 డిసెంబరులో 386కు మద్దతు ముగిసి ఆ పరీక్ష పోయినను, దాని పేరైన ‘వెరిఫై రైట్’ మాత్రము, చిరునామాను పరీక్షించు ‘యాక్సెస్ ఓకే’ ఫంక్షనులో ఆర్గ్యుమెంటుగా మరి ఆరేండ్లు నిలిచెను.

పని తీరినను నిలిచియుండు వస్తువులు మన చెంతను కలవు. 1863లో తవ్వనారంభించిన మన కర్నూలు–కడప కాలువకు మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు పడవలకొరకు లాకులు కట్టించిరి. పడవలు మానినవి, లాకులకు ఆ పని తప్పినది, నీరు మాత్రము పైరులకు పారుచున్నది. లాకును చూచి పడవకై వేచియుండువా డెవ్వడును లేడు. కోడులో ‘వెరిఫై రైట్’ చూచినవాడో, ఇచ్చట వ్రాతహక్కు పరీక్షింపబడినదని నమ్మి, తాను చేయవలసిన పరీక్షను మానును. లేని రక్షణను ఉన్నదనిపించు ఆ అక్షరములు పోవుటయే మేలు.

ఇట్లు తొలగింపునే ప్రశంసించి ముగింపవలె ననుకొంటిని గాని, 2017 అడ్డువచ్చుచున్నది. ఆ యేడు 4.13 కెర్నెలుకై ‘వెయిట్ ఐడీ’ సిస్టమ్ కాల్‌ను తిరుగవ్రాసినపుడు ఇదే ‘యాక్సెస్ ఓకే’ జారిపోయెను. చిరునామా యూజర్ హద్దులో నున్నదా యని అడుగు దిక్కులేక, ఏ యధికారమును లేని యూజరు సయితము కెర్నెల్ మెమరీలోనే వ్రాయింపగలిగెను. అక్టోబరులో ఆ పరీక్షను మరల చేర్చిరి. ఒకే ఫంక్షనులో ఒక భాగము నిర్జీవము, ఒక భాగము ప్రాణప్రదము. పైకి రెండును ఒక్కతీరుననే కనుపించును. టోర్వాల్డ్స్ తన తొలగింపుతోపాటు ఆ 386 వృత్తాంతమును, అది యేల పుట్టెనో, యేల అక్కర తీరెనో, విడమరచి వ్రాసియుంచెను. అట్టి వివరణ లేక ఒక్క పంక్తిని తీసినను, నా పాత వాదము నేనిప్పటికిని విడువను.