చేతికందిన బొమ్మ

మన దేశంలో ఒక మహా చిత్రకారుడి బొమ్మలను పోస్టుమేన్ ఇంటికి తెచ్చి చేతిలో పెట్టిన రోజులున్నాయి. ఆ చిత్రకారుడు నందలాల్ బోస్. దారిలో కనిపించిన మేకపిల్లనో, తాటిచెట్టునో, నెత్తిన బుట్టతో నడిచిపోతున్న సంతాల్ స్త్రీనో పోస్టుకార్డు మీద నాలుగు గీతల్లో పట్టుకుని శిష్యులకూ, అయినవాళ్లకూ పంపేవారు. ఆ కార్డుకు చట్రం అక్కర్లేదు, వేలాడదీసే గోడా అక్కర్లేదు. అందుకున్నవాళ్లు చదువుకుని, చూసుకుని, పుస్తకంలో దాచుకునేవారు.

నందలాల్ 1966లో కన్నుమూశారు. బొమ్మను మనిషి చేతికి చేర్చాలన్న ఆయన పట్టుదల మాత్రం శాంతినికేతన్‌లో ఏటా రెండు రోజులు ఆరుబయట కనిపిస్తుంది. డిసెంబరు 1, 2 తేదీల్లో కళాభవన్ ఆవరణలో జరిగే నందన్ మేళా అది. మర్నాడు, 3వ తేదీ, ఆయన పుట్టినరోజు.

రెండు రోజుల సంత

కళాభవన్ 1919లో మొదలైంది. రవీంద్రనాథ్ టాగూర్ స్థాపించిన విశ్వభారతి విశ్వవిద్యాలయంలో అది చిత్రకళాశాల. దానికి సొంత మ్యూజియం ఉంది, పేరు నందన్. నందలాల్, వినోద్‌బిహారీ ముఖర్జీ, రామ్‌కింకర్ బైజ్ వంటి గురువుల పనులు అందులో భద్రంగా ఉన్నాయి. మ్యూజియం గదిలో వాటిని చూడాలంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. మేళాలో అలా కాదు. కప్పును తిప్పి చూడొచ్చు, అచ్చు కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడొచ్చు, మట్టి గంటను మోగించి చూడొచ్చు.

1973లో, దినకర్ కౌశిక్ ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో, ఈ మేళా మొదలైంది. కౌశిక్ కూడా నందలాల్ శిష్యుడే. కష్టంలో పడ్డ విద్యార్థిని ఆదుకోవడానికి ఒక నిధి కావాలి. ఎవరినో చందా అడిగే బదులు మనకు తెలిసిన పనితోనే ఆ డబ్బు సంపాదిద్దాం అనుకున్నారు. విద్యార్థులూ గురువులూ కలిసి కూర్చుని చిన్నచిన్న వస్తువులు చేస్తారు. చదువు ముగించుకుని వెళ్లిపోయిన పాతవిద్యార్థులూ తిరిగివస్తారు. అమ్మగా వచ్చిన డబ్బు విద్యార్థుల నిధికి పోతుంది. బొమ్మ చేసినవారి జేబులోకి పోదు.

మేళాకు ముందు కొన్ని వారాలు కళాభవన్ ఒక కుమ్మరివాడగా, అచ్చుకూటంగా, రంగుల బట్టీగా మారిపోతుంది. చిత్రకళ, శిల్పం, అచ్చుకళ, డిజైన్, కళాచరిత్ర, ఏ విభాగానికి ఆ విభాగం తన అంగడిని వెదురుతో, గడ్డితో, గుడ్డతో, కాగితంతో సొంతంగా కట్టుకుంటుంది. కేలండర్లు, శుభాకాంక్షల కార్డులు, మట్టి నగలు, కప్పులు, బతిక్ గుడ్డలు, చిన్న శిల్పాలు అక్కడ బారులు తీరతాయి. తినుబండారాల అంగడి కూడా విద్యార్థులదే. పొద్దు వాలితే పాటలు, నాటకాలు.

ఒక అచ్చు, వంద ఇళ్లు

మేళాలో ఏ వస్తువులు ఎక్కువ కనబడతాయో చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. తక్కువ ఖర్చుతో, దగ్గర దొరికే సరుకుతో, ఎక్కువమందికి చేరగలిగే పద్ధతులే అక్కడ ముందుంటాయి. వాటిలో మొదటిది లినోకట్.

లినోలియం అంటే అవిసె నూనె, బెండు పొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచి చేసిన మెత్తని పలక. దానిమీద బొమ్మ గీసి, చిన్న ఉలితో తెల్లగా ఉండాల్సిన చోటంతా చెక్కేస్తారు. మిగిలిన ఉబ్బు భాగానికి రోలరుతో సిరా పూసి, కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్దితే అచ్చు పడుతుంది. కాగితం మీద బొమ్మ అద్దంలోలాగా తిరగబడుతుంది గనక అక్షరాలను పలక మీద వెనకనుంచి ముందుకు చెక్కాలి. ఒకసారి తెగిన గీతను తిరిగి అతకలేం. అందుకే లినో చెక్కేవాడు ఉలి పెట్టకముందే ఆలోచన ముగించుకోవాలి.

పద్ధతి ఇంత కటువుగా ఉన్నా ఫలితం మాత్రం ఉదారమైనది. ఒక పలక నుంచి వంద కాగితాలు తీస్తే వందా అసలు బొమ్మలే. ధర తగ్గుతుంది, విలువ తగ్గదు. 1930లో దండియాత్ర వేళ నందలాల్ చెక్కిన గాంధీ బొమ్మ ఈ పద్ధతిలోదే. నల్లని నేపథ్యం మీద తెల్లని గీతల్లో, చేతికర్రతో అడుగు ముందుకు వేస్తున్న ఆ రూపం దేశమంతా ఎరిగినదైంది. అదే ఏడాది వెలువడిన టాగూర్ పిల్లల వాచకం ‘సహజ్ పాఠ్’కు కూడా నందలాల్ లినో బొమ్మలే వేశారు. బెంగాల్‌లో తరతరాల పిల్లలు అక్షరాలతోపాటు ఆ నలుపు తెలుపు బొమ్మల్నీ నేర్చుకున్నారు. మేళాలో లినో కేలండరు కొనుక్కునేవాళ్లలో ఆ వాచకం చదువుకున్నవాళ్లు ఎందరో ఉంటారు.

మైనంతో గీత, పిండితో తీగ

బతిక్ ఈ నేలకు దూరం నుంచి వచ్చింది. 1927లో టాగూర్ జావా, బాలీ దీవులకు వెళ్లినప్పుడు కళాభవన్ గురువు సురేంద్రనాథ్ కర్ కూడా వెంట వెళ్లారు. అక్కడి బట్టల అద్దకం వాళ్ల మనసుకు పట్టింది. టాగూర్ కోడలు ప్రతిమాదేవి, నందలాల్ కూతురు గౌరీ భంజ వంటివారి చేతుల్లో అది శాంతినికేతన్ విద్య అయింది.

కాగిన మైనాన్ని గుడ్డ మీద గీతగా పోస్తారు. మైనం ఉన్నచోట రంగు అంటదు. తేనెమైనం సాగుతుంది, పారఫిన్ పెళుసుగా చిట్లుతుంది, రెండూ కలిపిన పాళ్లను బట్టి గుడ్డ స్వభావం మారుతుంది. చిట్లిన పగుళ్లలోంచి రంగు దిగి సన్నని నరాల్లా వ్యాపిస్తుంది. వేడి రంగులో ముంచితే మైనం కరిగిపోతుంది కాబట్టి చన్నీళ్ల రంగులే వాడాలి. లేతరంగు నుంచి ముదురురంగుకు మెట్లుమెట్లుగా వెళ్లి, చివరకు మరిగే నీళ్లలో వేసి మైనాన్ని వదిలిస్తారు.

శ్రీకాళహస్తి కలంకారీ ఎరిగిన మనకు ఇక్కడ ఒక చక్కని పోలిక దొరుకుతుంది. కాళహస్తిలో కరక్కాయ, గేదెపాలల్లో నానిన గుడ్డ మీద వెదురు కలం నలుపును గీస్తూ పోతుంది. అక్కడ కలం పెట్టినచోట రంగు పుడుతుంది. బతిక్‌లో మైనం పెట్టినచోట రంగు ఆగిపోతుంది. ఒకరు ఉండాల్సినదాన్ని గీస్తారు, మరొకరు ఉండకూడని చోటును గీస్తారు. ఇద్దరికీ కావాల్సింది తడబడని చేయి.

ఆల్పన మరీ దగ్గరి చుట్టం. బెంగాలీ ఆడవాళ్లు వ్రతాలకు నేలమీద వేసే ముగ్గు అది. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా నూరి, పలచగా కలిపి, అందులో ముంచిన గుడ్డపేలికను అరచేతిలో పట్టుకుంటారు. పేలికను నొక్కితే పిండి ఉంగరపు వేలి వెంట జారి నేలమీద గీత అవుతుంది. నొక్కు పెరిగితే గీత లావు, తగ్గితే సన్నం. మన ముగ్గు పొడిపిండిది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి రాలుతుంది, చాలాసార్లు చుక్కల లెక్క మీద నిలుస్తుంది. ఆల్పనకు చుక్కలు లేవు. నడుమ ఒక పద్మంతో మొదలై, తీగ సాగినట్టు చుట్టూ పెరుగుతుంది. అవనీంద్రనాథ్ టాగూర్ 1919లో వ్రతాల మీద రాసిన ‘బాంగ్లార్ వ్రత’ పుస్తకం చదువుకున్నవాళ్ల దృష్టిని ఈ కళవైపు తిప్పింది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన సుకుమారీదేవి చేతి నైపుణ్యాన్ని గుర్తించి నందలాల్ ఆమెను కళాభవన్‌లో నేర్పమన్నారు. ఇంటి గడప ముందు వంగి ముగ్గు వేసే స్త్రీని గురువు పీఠం మీద కూర్చోబెట్టిన విశ్వవిద్యాలయం అది. ఆ ఒక్క పనికే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

హరిపురా దారిలో

మేళా 1973లో పుట్టినా దాని వేరు ఇంకా పాతది. 1930 ప్రాంతంలో నందలాల్ ప్రోద్బలంతో కారుసంఘ అనే చేతిపనుల సంఘం ఏర్పడింది. కళ నేర్చుకున్నవాళ్లు కలిసి పనిచేసి, ఆ పనితోనే బతకగలగాలన్నది దాని ఆశయం.

1938లో గుజరాత్‌లోని హరిపురాలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. సుభాష్ చంద్రబోస్ అధ్యక్షుడు. గాంధీ కోరికమీద సభానగరాన్ని అలంకరించే పని నందలాల్ చేపట్టారు. అట్టమీద అంటించిన కాగితం, మట్టిరంగులు, వేగంగా కదిలే లావు కుంచె, ఇవే ఆయన సామగ్రి. డోలు కొట్టేవాడు, వడ్రంగి, కుస్తీ పట్టేవాడు, వేటగాడు, ధాన్యం దంచే స్త్రీ, పిల్లకు పాలిచ్చే తల్లి, ఒక్కొక్కరినీ ఒక తోరణం కింద నిలబెట్టారు. శిష్యులు తీసిన నకళ్లతో కలిపి 400 వరకు బొమ్మలు తయారయ్యాయి. టికెట్టు లేదు, పహరా లేదు. సభకు వచ్చిన రైతు తనలాంటి మనిషినే ఆ తోరణం కింద చూసుకున్నాడు. ఆ బొమ్మల్లో చాలావాటిని ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళామందిరం దాచుకుంది. అవి పుట్టింది మాత్రం దారిన పోయేవాడి కోసం.

తలుపుల్లేని మ్యూజియం

మేళాకు వెళ్లినవారు అంగళ్ల మధ్య తిరుగుతూ తెలియకుండానే మరో ప్రదర్శన చూస్తారు. ఆ ఆవరణే ఒక మ్యూజియం. రామ్‌కింకర్ 1938లో నిలబెట్టిన ‘సంతాల్ కుటుంబం’ శిల్పం అక్కడే ఉంది. కంచు పోతపోయడానికి డబ్బు లేని రోజుల్లో ఆయన కాళ్లకింది ఎర్రగులకరాళ్లను సిమెంటులో కలిపి, ఇనపచువ్వల మీద విసిరి విసిరి ఆ మనుషుల్ని కట్టారు. కావడితో, బిడ్డతో, కుక్కతో వలసపోతున్న కుటుంబం అది. వాళ్లు నడిచే నేలా, వాళ్ల ఒళ్లూ ఒకే మట్టి.

కాస్త పక్కన కాలోబారి, అంటే నల్ల ఇల్లు. మట్టిగోడల మీద గురువులూ విద్యార్థులూ కలిసి ఉబ్బుబొమ్మలు మలిచి, వానకూ చెదకూ తట్టుకునేందుకు తారు పూశారు. అది విద్యార్థులు ఉండే వసతిగృహం. బొమ్మల గోడకు ఆనుకునే వాళ్లు నిద్రపోయారు.

హిందీభవన్ గోడల పైభాగాన వినోద్‌బిహారీ 1946-47లో మధ్యయుగాల భక్తకవుల జీవితాలను చిత్రించారు. తడి సున్నపు గోడ మీద రంగు వేసే పద్ధతి అది. ఆ పూటకు ఎంత వేయగలరో అంతమేరే సున్నం పూస్తారు. ఆరేలోపు రంగు పడాలి. సున్నం గాలిని పీల్చి మళ్లీ రాయిగా మారేటప్పుడు రంగును తనలో బంధించుకుంటుంది. గోడంతటికీ సరిపడే నమూనా గీసుకోకుండానే, పుట్టుకనుంచీ చూపు మందమైన ఆ మనిషి ఆ మహాప్రవాహాన్ని నడిపించారు. ఆ తర్వాత చూపు పూర్తిగా పోయినా పని మానలేదు. ఆయన శిష్యుడు సత్యజిత్ రాయ్ 1972లో గురువు మీద ‘ది ఇన్నర్ ఐ’ అనే డాక్యుమెంటరీ తీశారు.

బరోడా మీదుగా హైదరాబాదుకు

హిందీభవన్ గోడ దగ్గర వినోద్‌బిహారీకి సాయపడిన విద్యార్థుల్లో కె.జి. సుబ్రమణ్యన్ ఒకరు. ఆయన తర్వాత బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో గురువయ్యారు. 1960ల మొదట్లో అక్కడ మొదలైన ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్‌కు ఆయన కొయ్యముక్కలు, పూసలు, తోలుతో బొమ్మలు చేశారు. పేరున్న చిత్రకారుడు పిల్లలు ఆడుకునే బొమ్మలు చేస్తుంటే, పక్కన కూర్చున్న విద్యార్థికి వేరే పాఠం అక్కర్లేదు. 1980లో శాంతినికేతన్‌కు తిరిగివచ్చిన ఆయన డిజైన్ విభాగం గోడల మీద నలుపు తెలుపుల్లో వేసిన బొమ్మలను ఎనభై దాటిన వయసులో మళ్లీ దిద్దారు.

మెదక్ ప్రాంతంలోని నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ బరోడాలో సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. తెలంగాణ పల్లె మనుషుల్నీ, మేకల్నీ, చెట్లనూ రాగిరేకుమీద చెక్కి అచ్చుతీశారు, మట్టిలోనూ మలిచారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీనాయుడు స్కూలులో తరాలకు పాఠం చెప్పారు. వరంగల్ జిల్లా నుంచి శాంతినికేతన్ వెళ్లి నందలాల్ దగ్గరే నేర్చుకుని వచ్చిన కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదు లలితకళల కళాశాలలో బోధించారు. ఆ ఎర్రనేల విద్య మన దాకా ఎప్పుడో వచ్చింది. ఇంకా రావలసింది ఆ మేళాయే.

ఏం మిగులుతుంది

తక్కువ ధరకు అమ్మితే కళ చులకన కాదా అని అడిగేవాళ్లుంటారు. నా నమ్మకం వేరు. ఇంట్లో ఒక మంచి గీతను రోజూ చూసే మనిషికి మ్యూజియంలో గొప్ప గీత ముందు ఎందుకు నిలబడాలో తెలుస్తుంది. చేతితో చేసిన కప్పులో టీ తాగినవాడికి యంత్రం పోసిన కప్పుకూ దానికీ తేడా పెదవి చెబుతుంది. చేసినవారికీ లాభముంది. మార్కులు వేసే గురువు కాకుండా, తన కష్టార్జితంలోంచి డబ్బు తీసిచ్చే ముక్కూమొగం తెలియని మనిషి ఆ బొమ్మను ఎంచుకుంటాడు. ఇరవయ్యేళ్ల విద్యార్థికి అంతకన్నా నిజమైన పరీక్ష ఉండదు. ఆ డబ్బు రేపు తన పక్క మంచం మీది మిత్రుడి మందులకు పోతుందని తెలిసినప్పుడు చేసిన పనికి మరో బరువు వస్తుంది.

విశాఖలో, హైదరాబాదులో మన విశ్వవిద్యాలయాల చిత్రకళా విభాగాలు ఏడాదికి రెండు రోజులు గేటు బార్లా తెరిచి ఇలా సంత పెడితే చాలు. ఏటికొప్పాక లక్కబొమ్మల పనివాణ్ణి, నిర్మల్ చిత్రకారుణ్ణి, కాళహస్తి కలం పట్టే అక్కను విద్యార్థుల పక్కన కూర్చోబెడితే చాలు. పెద్ద భవనం అవసరం లేదు. చెట్టు నీడ, వెదురు, సుతిలితాడు మన దగ్గరా ఉన్నాయి.

నందన్ మేళాలో కొన్న లినో కేలండరు ఏడాదంతా ఎవరింట్లోనో వంటింటి మేకుకు వేలాడుతుంది. పాలలెక్కలు దానిమీదే రాస్తారు, గ్యాసు బండ వచ్చిన తేదీకి సున్నా చుడతారు. నెలనెలా ఒక బొమ్మ ఆ ఇంటి పొగలో, తాలింపు వాసనలో బతికి వెనక్కి మళ్లుతుంది. చివరి పుట తిప్పే రోజు డిసెంబరు 1. ఆ పొద్దుటే కళాభవన్‌లో మేళా మొదలవుతుంది.