లావాదేవీల శాస్త్రం: గ్రే, రాయిటర్ల గ్రంథం

1980ల నడిమి వరకు మన రైళ్లలో బెర్తులు రిజిస్టరు పుస్తకాలలోనే నిండేవి. పుస్తకం ఒక గుమాస్తా చేతిలో ఉన్నంతసేపు రెండవవాడు దానిని ముట్టలేడు. ఆ ఆలస్యమే ఒక బెర్తు ఇద్దరికి పోకుండా కాపాడినది. 1994లో సికింద్రాబాదున మొదలై 1999 నాటికి దేశమంతటినీ కలిపిన ‘కాన్సర్ట్’ పద్ధతిలో కాచిగూడ కౌంటరులోనూ, వేరొక ఊరిలోనూ ఒకే క్షణాన ఒకే బెర్తును అడుగవచ్చును. అప్పుడేమి చేయవలెను?

జిమ్ గ్రే, ఆండ్రియాస్ రాయిటర్ 1990ల ఆరంభంలో వెలువరించిన ‘ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్’ ఇట్టి ప్రశ్నలకు వేయి పుటలకు మించి జవాబు చెప్పినది. సుమేరియనుల మట్టి పలకలతో ఎత్తుకొనుట సముచితంగా ఉన్నది. ముందడిగినవాని పేర బెర్తుకు తాళం పడును, రెండవవాడు ఆగవలెను. మార్పును మొదట చిట్టాలో వ్రాసి, పిదప ఆవర్జాకు ఎక్కించవలెను. నడుమ కరెంటు పోయినా, చిట్టాను చూచి పూర్తయినదానిని నిలుపవచ్చును, సగంలో ఆగినదానిని రద్దు చేయవచ్చును. మన షావుకార్లెరిగిన క్రమమే! లోహానికి తొలిచిన రంధ్రాన్ని ఏ యంత్రమూ వెనుకకు తీసుకొనలేదని గ్రంథకర్తలు ఒప్పుకొనుట మెచ్చదగినది. ప్రయాణికుని చేతికిచ్చిన టిక్కెట్టూ అట్టిదే.

లోపమొకటున్నది. గ్రంథమెరిగిన వరుస తాళం కోరి కంప్యూటరును చేరిన అభ్యర్థనల వరుస. కౌంటరు ముందటి మనుష్యుల వరుస కాదు. తత్కాల్ తెరచిన నిమిషాన, తెల్లవారకమునుపే చిక్కడపల్లి నుండి వచ్చి నిలుచున్న వృద్ధునికంటె ఇంట మీట నొక్కిన యువకునికే తాళం ముందు చిక్కవచ్చును. చిట్టాలో మాత్రం తప్పేమీ కనబడదు.