పెంకు లోపలి ఊపిరి

గుడ్లు పొదగేయడంలో చేతికి పని తక్కువ, కంటికి ఎక్కువ. పొదుగు కోడిని కూర్చోబెట్టాక నాకు ఇష్టమైన పని, రాత్రిపూట టార్చి వెలుగులో గుడ్డు పట్టి చూడడం. వారం తిరిగేసరికి ఎర్రటి రక్తనాళాలు కనిపిస్తాయి. మొదట్లో అవి చాలావరకు సొనను అల్లుకున్నవి. ఆ తర్వాత పెంకు లోపలి వైపు రక్తనాళాలతో నిండిన మరో పొర పరుచుకుంటుంది. పన్నెండో రోజుకల్లా అది పెంకు లోపలంతా ఆవరిస్తుంది. అప్పటికి పిల్లకు ఊపిరితిత్తులు అదే.

పీల్చడం, వదలడం అంటూ ఏమీ ఉండవు. పెంకుకు పది వేల దాకా సన్నని రంధ్రాలుంటాయి. గాలి తనంతట తానే లోపలికీ బయటికీ పాకుతుంది. 1863లో జాన్ డేవీ గుడ్డును నీళ్లలో ముంచి, పైనున్న గాలిని పంపుతో తోడేస్తే, పెంకు నిండా చిన్న చిన్న బుడగలు లేచాయి. అంతకంటే తేలికైన రుజువు ఇంకేం కావాలి! అమెరికాలో బఫెలోలో హెర్మన్ రాన్ బృందం లెక్క కూడా కట్టింది. 60 గ్రాముల గుడ్డు 21 రోజుల్లో సుమారు 6 లీటర్ల ఆక్సిజన్ తీసుకుని, నాలుగున్నర లీటర్ల కార్బన్ డయాక్సైడ్, 11 లీటర్ల నీటి ఆవిరి వదులుతుంది.

ఆ నీరు పోవడం నష్టమేమీ కాదు. కొత్త కూజా చెమర్చినట్టు గుడ్డు ఆరుతున్నకొద్దీ మొద్దు కొన దగ్గరి గాలి అర పెద్దదవుతుంది. మిషన్లో పొదిగించేవాళ్లు తేమ మరీ ఎక్కువ పెడితే ఆ అర చిన్నగానే ఉండిపోతుంది.

దాని అవసరం చివర్లో. పందొమ్మిది, ఇరవై రోజులకు రంధ్రాల గాలి పిల్లకు చాలదు. ముక్కుతో పొర చీల్చి, ఆ అరలోని గాలిని మొదటిసారి ఊపిరితిత్తుల్లోకి పీలుస్తుంది. గుడ్డులోంచి కిచకిచలు వినిపించేది ఆ తర్వాతే. ఇక పెంకు మీద పగులు పడుతుంది.

పగులు పడ్డాక గంటల తరబడి చలనం ఉండదు. "పాపం, ఒలిచేద్దాం మావయ్యా" అంటాడు మా మేనల్లుడు ప్రతిసారీ. వద్దంటాను. అప్పటికింకా పాత పొరలో రక్తం పారుతూనే ఉంటుంది, ఒలిస్తే కారిపోతుంది. ఊపిరితిత్తులు పూర్తిగా పని అందుకున్నాకే ఆ రక్తం పిల్ల ఒంట్లోకి చేరుతుంది. మిగిలిన సొన కడుపులోకి వెళ్లేదీ ఈలోపే. హేచరీల వాళ్లు రోజు పిల్లల్ని మేతా నీళ్లూ లేకుండా అట్టపెట్టెల్లో ఊళ్లు దాటించగలిగేది ఆ సొన ధైర్యంతోనే.